సూపర్‌హీరో కామిక్స్‌లో పాత హీరోల జాడలు: ముందు ఏది చదవాలి?

ప్రశ్న వేసినది: కర్నూలు మామ

అందరికీ నమస్తే. కర్నూలు పాత బస్టాండు దగ్గర నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. కామిక్స్ గురించి తెలిసింది తక్కువే, అయినా ఇప్పుడు అందులో తల దూర్చాను.

కారణం మా అక్క కొడుకు. ఎనిమిదో తరగతి. సెలవులకు వచ్చి రోజంతా నా షాపులోనే, ఏసీ లేకపోయినా, ఆ పాత కూలర్ ముందు కూర్చుంటాడు. ఒకరోజు అడిగాడు: "మామా, బ్యాట్‌మన్ ఎవర్ని చూసి బ్యాట్‌మన్ అయినాడు?" గబ్బిలాన్ని చూసి రా అన్నాను. "అది కథలో మామా. గీసినాయన ఎవర్ని చూసి గీసినాడు అంటున్నా."

నా దగ్గర జవాబు లేదు. నెట్‌లో వెతికితే, సూపర్‌హీరోలు ఎక్కడి నుంచి వచ్చారో సూపర్‌హీరో కామిక్సే మాట్లాడతాయి, దానికి "వాచ్‌మెన్" చదవమని చాలామంది రాశారు. సెకండ్‌హ్యాండ్‌లో తెప్పించాను. అమ్మినాయన "కొత్తదానిలా ఉంది" అని పెట్టాడు. విప్పి చూస్తే మూడో అధ్యాయం నుంచి పేజీలు తడిసి అప్పడాల్లా అతుక్కుపోయాయి. వాపసు తీసుకోమంటే ఉలుకూ లేదు పలుకూ లేదు. స్టీలు స్కేలుతో ఒక్కో పేజీ విడదీసుకుంటూ రాత్రిళ్లు షటర్ దించాక చదువుతున్నా.

కథ బాగానే పట్టింది. కానీ మధ్యలో ఈ సముద్రపు దొంగల గోలేంటి? న్యూస్‌పేపర్ల బడ్డీ దగ్గర ఒక కుర్రాడు నేల మీద కూర్చుని వేరే కామిక్ చదువుతుంటాడు. అందులో ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒకాయన ఏడుపు. ఒక గడిలో న్యూయార్క్, పక్క గడిలో శవాల మీద వాలే పక్షులు. ఏదో వేరే పుస్తకం పేజీలు ఇందులో కుట్టేశారేమో అని నిజంగానే బైండింగ్ తిప్పి చూశాను.

అడిగేదేమిటంటే, ఇవి అర్థం కావాలంటే ముందు 1938లో సూపర్‌మన్ వచ్చినప్పటి నుంచి ఉన్న పాతవన్నీ చదవాలా? లేకపోతే నాకు పట్టుబడని కిటుకేదైనా ఉందా? వాడికి చదివించదగ్గది ఏదైనా ఉంటే అదీ చెప్పండి.

జవాబు: అనంతపురం బ్రష్

తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ పుస్తకం పిల్లాడి చేతికి ఇవ్వొద్దు. అందులో రక్తమే కాదు, ఇంకా ఉన్నాయి. నువ్వు చదువు, వాడికి కథ చెప్పు.

నేను సినిమా బ్యానర్లు, సైన్‌బోర్డులు రాసేవాణ్ని. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని పోయింది, ఇప్పుడు స్కూళ్ల గోడల మీద దేశనాయకులను వేస్తున్నా. మా కాలంలో బ్యానర్ గుడ్డ ఖరీదు. సినిమా తీసేశాక ఆ గుడ్డనే ఉతికి, సుద్దా వజ్రం జిగురూ కలిపి పూత పూసి, దాని మీదే కొత్త హీరోను వేసేవాళ్లం. మామూలు రోజుల్లో ఎవరికీ తెలియదు. గట్టిగా ఒక వాన పడిందంటే, కొత్త హీరో చెంప మీద పాత హీరో మీసం తేలేది. థియేటర్ ఓనరు తిట్టేవాడు. నాకు మాత్రం ఆ బ్యానరే అసలు బ్యానర్ అనిపించేది. నువ్వు అడిగిన పుస్తకాలన్నీ వాన పడ్డ బ్యానర్లే. వాన కావాలనే కురిపించుకుంటారు, అంతే తేడా.

సముద్రపు దొంగల సంగతి. 1950ల్లో అమెరికాలో ఈసీ అని ఒక కామిక్స్ కంపెనీ ఉండేది. దయ్యాల కథలు, నేరాల కథలు, యుద్ధ కథలు, సముద్రపు దొంగల కథలు వేసేది. పిల్లలు చెడిపోతున్నారని గొడవ లేచి 1954లో కామిక్స్ కోడ్ అని ఒక కట్టడి పెట్టుకున్నారు. ఆ దెబ్బకు ఈసీ భయానక కామిక్స్ ఆగిపోయాయి. తర్వాత కొన్నేళ్లకు మళ్లీ సూపర్‌హీరోల రాజ్యం వచ్చింది. ఇది జరిగిన చరిత్ర. వాచ్‌మెన్ రాసిన అలన్ మూర్, గీసిన డేవ్ గిబ్బన్స్ దీన్ని తిరగేశారు. వీధుల్లో నిజంగానే ముసుగు వీరులు తిరుగుతుంటే, వాళ్ల బొమ్మల పుస్తకం డబ్బిచ్చి ఎవడు కొంటాడు? కాబట్టి ఆ లోకంలో సూపర్‌హీరో కామిక్స్ పోయి సముద్రపు దొంగల కామిక్స్ నిలిచాయి. అయిదో అధ్యాయం చివర ఉన్న వ్యాసం దాటేసి ఉంటావు, వెనక్కి వెళ్లి చదువు. అందులో జో ఓర్లాండో అని ఒక పేరు వస్తుంది. ఆయన నిజం మనిషి, ఈసీలో పనిచేసిన ఆర్టిస్టు. ఆ వ్యాసం కోసం ఆయన చేతే ఒక పేజీ గీయించారు. నకిలీ చరిత్రకు అసలు మనిషి సంతకం! ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆయన ఏడుపు ఎందుకన్నది పుస్తకం పూర్తయ్యాక నీకే తెలుస్తుంది, నేను చెప్పను.

ఇప్పుడు హీరోలు. అసలు మూర్ అనుకున్నది వేరే మనుషులతో. చార్ల్‌టన్ అని ఒక చిన్న కంపెనీ హీరోలను 1983లో బ్యాట్‌మన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ కొన్నది. వాళ్లతో కథ రాస్తానన్నాడు. నీ కథ అయ్యేసరికి సగంమంది చచ్చిపోతారు, సగంమంది పనికిరాకుండా పోతారు, మేం కొన్నది అందుకా అన్నట్టు ఎడిటర్ డిక్ జియోర్డానో ఒప్పుకోలేదు. ఆయన అంతకుముందు చార్ల్‌టన్‌లోనే ఎడిటర్, ఇంటి పిల్లలు మరి. దాంతో కొత్తవాళ్లను పుట్టించారు. కెప్టెన్ ఆటం నుంచి డాక్టర్ మన్‌హాటన్, బ్లూ బీటిల్ నుంచి నైట్ ఔల్, క్వశ్చన్ నుంచి రోర్‌షాక్.

ఈ రోర్‌షాక్ దగ్గర కాస్త ఆగు. క్వశ్చన్‌ను గీసింది స్టీవ్ డిట్కో. 1962లో స్టాన్ లీతో కలిసి స్పైడర్‌మన్‌ను పుట్టించినాయన. మంచి అంటే మంచి, చెడు అంటే చెడు, మధ్యలో ఏమీ లేదని ఆయన గట్టి నమ్మకం. మిస్టర్ ఏ అని ఇంకో హీరోను కూడా గీశాడు, వాడి దగ్గర ఒక కార్డు ఉంటుంది, సగం నలుపు, సగం తెలుపు. ఇప్పుడు రోర్‌షాక్ ముసుగు చూడు. నల్లమరకలు తెల్లగుడ్డ మీద కదులుతాయి, ఆకారం మారుస్తాయి, ఎక్కడా కలిసి బూడిదరంగు కావు. నేను ముప్పై ఏళ్లు రంగులు కలిపినవాణ్ని. నలుపూ తెలుపూ పక్కపక్కన పెట్టి కలవకుండా ఉంచడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ముసుగు ఒక్కటే డిట్కోకు రాసిన ఉత్తరం. "నువ్వు చెప్పినట్టే బతికేవాడు నిజంగా ఉంటే ఇదిగో ఇలా ఉంటాడు, చలికి వణుకుతూ, చల్లారిన బీన్స్ డబ్బాలోంచే తింటూ" అని.

ఇంకో తమాషా. పేజీకి తొమ్మిది గళ్లు, అడ్డం మూడు, నిలువు మూడు. ఆ పద్ధతి డిట్కో వాడిందే. అంటే పోట్లాట డిట్కోతో, పోట్లాడేది డిట్కో గళ్లలోనే. మేం కూడా స్టిల్ మీద చిన్న గళ్లు గీసి, గుడ్డ మీద అవే గళ్లు పెద్దవి చేసి ముక్కూ కళ్లూ దింపేవాళ్లం, కాబట్టి గళ్లు చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు. అయిదో అధ్యాయం మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూశాను. అద్దంలో చూసినట్టు ఉంటాయి. రెండో పేజీ, చివరి నుంచి రెండోది, అలా నడిమికి వచ్చేదాకా. నడిమి రెండు పేజీల్లో ఒక కొట్లాట, పుస్తకం మడత దానికి వెన్నెముక. నీ పుస్తకంలో ఆ మడత దగ్గరే చెమ్మ పట్టిందంటే ఆ అమ్మినవాణ్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

పాతవన్నీ చదవాలా అన్నావు కదా. అక్కర్లేదు. మా ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడిస్తారు. రాముడూ రావణుడూ మంచి రసపట్టులో ఉండగా కేతిగాడు, బంగారక్క దూరి, ఊళ్లో నీళ్ల ట్యాంకు గురించో, సర్పంచి గురించో మాట్లాడి పోతారు. అక్కడ కూర్చున్న పిల్లాడికి వాల్మీకి తెలియదు. అయినా కేతిగాడు ఎవరిని ఎగతాళి చేస్తున్నాడో వాడికి తెలుస్తుంది. మంచి పుస్తకం అలాగే తెలియజేస్తుంది.

మీవాడి ప్రశ్నకు జవాబు: జోరో అనే సినిమా ముసుగు వీరుడు, షాడో. బ్యాట్‌మన్ మొదటి కథ 1939లో వచ్చింది. షాడో అనే పత్రికల హీరో కథ ఒకటి చూసి దాన్ని రాశానని ఆ కథ రచయిత బిల్ ఫింగరే ఒప్పుకున్నాడు. జోరో సినిమా ప్రభావం గురించి బొమ్మలు గీసిన బాబ్ కేన్ చెప్పాడు. 1986లో ఫ్రాంక్ మిల్లర్ "ది డార్క్ నైట్ రిటర్న్స్"లో ఏం చేశాడంటే, చిన్న బ్రూస్ (బ్యాట్‌మన్ అసలు పేరు) అమ్మానాన్నలతో చూసి బయటికి వచ్చింది జోరో సినిమానే అన్నాడు. ఆ వీధిలోనే కదా వాళ్లు చనిపోయేది. గీసినవాళ్లు ఎవరిని చూసి గీశారో, కథలో పిల్లాడు కూడా వాణ్నే చూసి వస్తున్నాడు. మీవాడు గీత గీశాడే, అది కథలో, ఇది గీసినాయన అని, ఆ గీతను మిల్లర్ చెరిపేశాడు. ఎనిమిదో తరగతికి ఆ ప్రశ్న వేసినవాణ్ని జిరాక్స్ షాపులో కూర్చోబెట్టకు.

జవాబు: కడప కారందోసె

బ్రష్ అన్న రాసింది బాగుంది కానీ నాకు ఈ రకం మీదే మంట. నూటికి తొంభై పుస్తకాలు "ఇది ఎవరో చెప్పుకో చూద్దాం" ఆటలే. వీడు సూపర్‌మన్‌కు నకలు, వీడు ఫెంటాస్టిక్ ఫోర్‌కు నకలు, కనిపెట్టినోడికి చప్పట్లు. కథ ఏదప్పా? "ప్లానెటరీ" ఒక ఫ్రెండ్ దగ్గర తీసుకుని ఏడెనిమిది భాగాలు చదివా. ఒక దాంట్లో జపాన్ రాక్షసబల్లుల దీవి, ఇంకో దాంట్లో హాంగ్‌కాంగ్ పోలీసు దయ్యం. చూసి, ఓహో అనుకుని, వెళ్లిపోతారు. మా ఏడురోడ్ల సర్కిల్ దగ్గర కూడా అలాగే చుట్టూ తిరగొచ్చు, డబ్బులు దండగ కాదు.

వాచ్‌మెన్ తర్వాత వచ్చినవాళ్లు అందులోంచి తీసుకున్నది కూడా రక్తమూ, గడ్డాలూ, చీకటీ. తొమ్మిది గళ్లు ఎవడూ తీసుకోలేదు.

జవాబు: నంద్యాల టీచరమ్మ

నేను తెలుగు చెప్తాను, ఇంట్లో మా వారికి కామిక్స్ పిచ్చి. ఆయన బీరువా నేను సర్దుతూ సర్దుతూ చదివేశాను.

బ్రష్ గారు తోలుబొమ్మలు చెప్పారు కాబట్టి నేను మా ఊరిది చెప్తాను. పింగళి సూరన "కళాపూర్ణోదయం" పదహారో శతాబ్దంలో నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన కావ్యం. అందులో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెప్తాడు. ఆ కథ భూమి మీద మనుషులకు నిజంగా జరుగుతుంది. వాళ్లే మళ్లీ ఆ కథ వింటారు. పిల్లలకు చెప్తే మొదట బుర్ర గోక్కుంటారు. తర్వాత వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "అంటే వాళ్లు కథలో ఉన్నట్టు వాళ్లకు తెలుసా మేడమ్?" అంటారు. ఆ రోజు నాకు పండగ.

గ్రాంట్ మోరిసన్ "యానిమల్ మ్యాన్" చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ వెనక బెంచీనే. బడ్డీ బేకర్ అని మూడో వరస హీరో. పెళ్లాం, ఇద్దరు పిల్లలు. 1988లో మొదలైంది. అయిదో భాగంలో ఒక నక్కలాంటి జంతువు వస్తుంది, కార్టూన్లలో కొండ మీంచి పడి, బాంబు పేలి, మళ్లీ లేచే రకం. ఎన్నిసార్లు చచ్చినా లేపి మళ్లీ కొడుతుంటే, ఇదేం న్యాయమని దేవుణ్ని అడుగుతుంది. కార్టూన్‌లో నవ్విన దెబ్బే ఇక్కడ చూడలేం. ఇరవై ఆరో భాగంలో బడ్డీ తన్ను రాస్తున్న మనిషి ముందే నిలబడతాడు. నా కుటుంబాన్ని ఎందుకిలా చేశావని అడుగుతాడు. రచయిత దగ్గర గొప్ప జవాబేమీ ఉండదు, చూస్తారుగా.

కడప బాబూ, మీరన్న రక్తం మాట నిజమే. మూర్‌కు కూడా అది నచ్చలేదు. 1996లో "సుప్రీమ్" అని ఎవరో సృష్టించిన, పెద్దగా పేరులేని సూపర్‌మన్ నకలును చేతిలోకి తీసుకున్నాడు. మొదటి కథలోనే ఒక ఊరు. రచయితలు మారి హీరోను కొత్తగా మొదలుపెట్టినప్పుడల్లా పాత సుప్రీమ్‌లు వెళ్లి చేరే ఊరు అది. ఒక ఎలుక సుప్రీమ్ కూడా ఉంటాడు! ఫ్లాష్‌బ్యాక్ వచ్చినప్పుడు గీత, రంగు అన్నీ పాత కామిక్‌లా మారిపోతాయి, అవి రిక్ వీచ్ గీశాడు. ఎగతాళి ఉంది, దాని కింద ప్రేమ ఉంది. అత్తగారి కాలపు నగ చెరిపించకుండా మెరుగు పెట్టించినట్టు.

మీ మేనల్లుడికి "ఆస్ట్రో సిటీ" మొదటి సంపుటం ఇవ్వొచ్చు, మీరు ఒకసారి చూసి. కర్ట్ బ్యూసిక్ రాశాడు, బ్రెంట్ యాండర్సన్ బొమ్మలు, 1995లో మొదలైంది. మొదటి కథలో సమారిటన్ అని సూపర్‌మన్ లాంటివాడు. రోజంతా ఎవరినో ఒకరిని కాపాడటానికి పరుగే పరుగు. ఆ పరుగులో గాల్లో ఉన్న సెకన్లు లెక్కపెట్టుకుంటాడు. హాయిగా ఎగరడం ఒక్క కలలోనే. నేను ఉదయం టిఫిన్ బాక్సులు కట్టి, బస్సు పట్టుకుని, స్కూలుకు చేరేదాకా నావి అనుకునే నిమిషాలు అలాగే లెక్కపెట్టుకుంటాను. సూపర్‌మన్ మీద నాకు మొదటిసారి జాలి కలిగింది ఆ కథతోనే.

జవాబు: అనంతపురం బ్రష్

అమ్మా, ఆ ఎలుక సంగతి మర్చిపోయాను, నవ్వించారు.

కడప అబ్బీ, ప్లానెటరీ మీద నీ కోపం సగం ఒప్పుకుంటా. కానీ మొదటి భాగం మళ్లీ చదువు. 1945లో, కామిక్స్‌కు ముందు చవకబారు కథల పత్రికల్లో ఉండే వీరుల లాంటివాళ్లు కొండ లోపల కూర్చుని ఒక యంత్రం చేస్తారు. ఆ యంత్రం తెరిచిన దారిలోంచి వేరే లోకపు సూపర్‌హీరోలు దూకుతారు. కొట్లాటలో పాతవాళ్లంతా పోయి ఒక్క డాక్ బ్రాస్ మిగులుతాడు. కాళ్లు పనిచేయవు. ఆ దారి మళ్లీ తెరుచుకోకుండా యాభై ఏళ్లకు పైగా ఒక్కడే కాపలా. చరిత్రలో జరిగింది అదే కదా, కామిక్స్ వచ్చి ఆ పత్రికలను మింగేశాయి. కొడుకులు తండ్రులను చంపిన కథ అది. ఎవరు ఎవరికి నకలో తెలియకపోయినా, ఆ ముసలాయన గడ్డం చూస్తే కడుపులో తిప్పుతుంది. తర్వాతి భాగాల్లో ఆ బరువు అన్నిచోట్లా లేదు, నిజమే. ఇరవై ఏడు భాగాలకు 1999 నుంచి 2009 దాకా పట్టింది. అన్నేళ్లు వాన కురవాలంటే కష్టమే.

ఇంకొకటి చెప్పి ఆపుతా. "ఫ్లెక్స్ మెంటాలో" అనే పేరు వినగానే, నా పొట్ట కొట్టిన ఫ్లెక్సీ మీద ఎవరో పుస్తకం రాశారనుకుని సంబరపడ్డాను. తీరా చూస్తే కండలు తిరిగినోడు, మచ్చల చిరుతపులి చెడ్డీ. పాత కామిక్స్ వెనక అట్టల మీద చార్లెస్ అట్లాస్ వ్యాయామం ప్రకటన వచ్చేది. బీచ్‌లో బలశాలి ఒకడు బక్కోడి మొహాన ఇసుక తన్నుతాడు, బక్కోడు కండలు పెంచి వచ్చి వాణ్ని కొడతాడు. ఆ బక్కోడే ఈ హీరో. చూశావా, కామిక్ తన లోపలి హీరోలనే కాదు, వెనక అట్ట మీది ప్రకటనను కూడా చుట్టమని ఒప్పుకుంది. ఆ చుట్టాలేమో, అంటే ప్రకటన కంపెనీవాళ్లు, కోర్టుకు వెళ్లారు! 1996లో నాలుగు భాగాలుగా వచ్చింది, ఒక్క పుస్తకంగా రావడానికి 2012 దాకా పట్టింది. ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు.

జవాబు: కర్నూలు మామ

అందరికీ థాంక్స్. అయిదో అధ్యాయం వ్యాసం నిజంగానే దాటేశాను, అతుక్కున్న పేజీల్లో ఉండిపోయింది. విడదీశా. బ్రష్ అన్నా, నడిమి పేజీల్లో చెమ్మ లేదు, బతికిపోయాం.

ఆస్ట్రో సిటీ ఇంకా రాలేదు. ఈలోగా ఒకటి జరిగింది. మా నాన్న గుంతకల్లు రైల్వేలో పనిచేసేవారు. ఆయన ట్రంకుపెట్టె అటక మీద ఉంటే మావాడి చేత దింపించా. అడుగున ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్స్, పద్దెనిమిది. అన్నీ ఫాంటమ్, మాండ్రేక్, ఒక బహదూర్. ఇవి 1964 నుంచి వచ్చేవట. నాన్న ఇవి చదివేవారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. మాకు మాత్రం లెక్కల పుస్తకం తప్ప ఇంకోటి పట్టుకుంటే వీపు విమానం మోత.

మావాడు ఫాంటమ్‌ను, ఫోన్లో బ్యాట్‌మన్‌ను పక్కపక్కన పెట్టి అరగంట చూసి, "మామా, ఇద్దరికీ కంట్లో గుడ్లు లేవు" అన్నాడు. నిజమే. ముసుగులో ఉత్త తెలుపు. ఎందుకన్నా అలా?

జవాబు: అనంతపురం బ్రష్

పట్టేశాడు చూడు! ఫాంటమ్ మొదలైంది 1936 ఫిబ్రవరి 17న, సూపర్‌మన్‌కు రెండేళ్ల ముందు. ఒంటికి అతుక్కున్న డ్రెస్సు, కంటిపాప లేని ముసుగు, రెండూ అక్కడివే. గ్రీకు శిలావిగ్రహాల కళ్లలో పాపలు కనపడవు, ఆ భయం బాగుందని తీసుకున్నానని ఫాంటమ్‌ను పుట్టించిన లీ ఫాక్ చెప్పేవాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ తెల్లకన్ను దించుకున్నారు.

మా పనిలో కంటిపాప ఆఖర్న పెట్టేవాళ్లం. నలభై అడుగుల కటౌట్, మీసం, బొట్టు, చొక్కా గుండీలు అన్నీ అయిపోయి, రెండు కళ్లూ తెల్లగా ఉండేవి. మేస్త్రీ పైకెక్కి రెండు నల్లచుక్కలు పెట్టేదాకా కింద మాకు ఎవరికీ దాని కేసి చూస్తూ టీ తాగబుద్ధయ్యేది కాదు. ఇది మీవాడికి చెప్పు.

జవాబు: కర్నూలు మామ

చెప్పానన్నా. వాడు నిన్ననే షాపులో పాడైన ఏ4 కాగితం వెనక సొంత హీరోను గీశాడు, జిరాక్స్ మిషన్ లోంచి కాపీలు కాపీలుగా వచ్చే హీరో. అసలుకు కంటిపాపలు ఉన్నాయి. మీరు చెప్పింది విన్నాక, వెనక ఉన్న ఆరు కాపీలకూ వైట్‌నర్ పెట్టి పాపలు చెరిపేస్తున్నాడు. సీసా కొత్తది, సగం అయిపోయింది.